కాకి భాషకి ఆధారం

తొమ్మిదిసార్లు. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, తొమ్మిదిసార్లు తీసేశావు నా ఒక్క వాక్యాన్ని. ఇప్పుడేమో స్వీట్ బాక్స్ పట్టుకుని మా ఇంటికే వచ్చి "నమస్తే ఆంటీ, నేనే నిధిని" అంటావా? కూర్చో. అక్కడ కాదు, అది మా ఆయన కుర్చీ. సోఫాలో కూర్చో.

ఆ బాక్స్ అక్కడ పెట్టు. మా ఇంట్లో ఇద్దరికీ షుగరే. పోనీలే, తెచ్చావుగా.

మొన్న నీ ఫోన్ వచ్చేదాకా నిన్ను ఎవరో మీసాల తెల్లాయన అనుకున్నాను, తెలుసా? ఆ ఎన్‌సైక్లోపీడియా సైట్‌లో నీ పేరు మనిషి పేరులా ఉందా అసలు? నాలుగు అక్షరాలూ ఆరు అంకెలూ. పది నెలలుగా ఆ ముక్కూ మొహం తెలియనివాణ్ణి పొద్దున లేస్తూనే తిట్టుకుంటున్నాను. తీరా చూస్తే నువ్వు. ఈ అమెరికాలోనే, ఫ్రీమాంట్‌లో పుట్టిన మన పిల్లవి. పరాయివాడు తీసేస్తే వాడికి తెలియదులే అని సరిపెట్టుకుంటాం. మనవాళ్లే తీసేస్తే ఇంకెవరికి చెప్పుకోవాలి?

ఏం రాశాను నేను? బూతు రాశానా? తార గురించి ఆ ఎన్‌సైక్లోపీడియా పేజీలో ఏముంది, నువ్వే చదువు. కళ్లజోడు లేకపోయినా నాకు నోటికొచ్చు. "తార ప్రసిద్ధ ఫాంటసీ నవలా రచయిత్రి. ఆమె నవలల్లో కాకి రెక్కలున్న మనుషులు మాట్లాడే భాషను ఆమె స్వయంగా, కొన్నేళ్లు శ్రమించి సృష్టించారు." స్వయంగానట. దాని కింద నేను ఒక్క వాక్యం పెట్టాను. "ఈ భాషను చిన్నప్పుడు తారకు నేర్పినది శాన్ రామన్‌లో పక్కింటి రాధారాణి." అంతే కదా. అది పడలేదు మీకు.

సోర్స్ కావాలన్నావు. ఇచ్చాను కదమ్మా. సోర్స్ అని ఉన్న చోట నా పేరు రాశాను, ఫోన్ నంబర్ రాశాను, మధ్యాహ్నం రెండు దాటాక చేయండి, అంతకుముందు పడుకుంటాను అని కూడా రాశాను. బతికున్న మనిషి ఫోన్ ఎత్తి చెప్తానంటుంటే ఇంకేం సోర్స్ కావాలి? మొన్న నువ్వేమో పది నిమిషాల్లో అది తీసేసి, నంబర్లు అలా అందరికీ కనబడేలా పెట్టకూడదు ఆంటీ అని నాకే ఫోన్ చేశావు. అందుకు నీకు థాంక్స్ చెప్పాలా?

నవ్వకు. నేను నవ్వడానికి చెప్పట్లేదు.

మిగతావన్నీ మాత్రం ఉంచుకున్నావు. తార పుట్టిన సంవత్సరం తప్పుంటే దిద్దింది ఎవరు? వాళ్ల ఎలిమెంటరీ స్కూల్ పేరు పెట్టింది ఎవరు? లైబ్రరీలో ముసలివాళ్లకి కంప్యూటర్ నేర్పే క్లాసుకి మంగళవారం మంగళవారం వెళ్లి, లింకు ఎలా పెట్టాలో నేర్చుకుని, స్కూల్ ఇయర్‌బుక్ వెతికి మరీ పెట్టాను. "పేజీని మెరుగుపరిచినందుకు ధన్యవాదాలు" అని నువ్వే మెసేజ్ పెట్టావు. అంటే చాకిరీకి రాధారాణి కావాలి, పేరుకి అక్కర్లేదు.

సరే, నీకు ఆధారమే కదా కావాలి. పాలు తాగు అను. అనమ్మా, నోరు అరిగిపోదు. ఆ. ఇప్పుడు ఒక్కో అక్షరం ముందూ ఒక క పెట్టు. కపాకలు కతాకగు. విన్నావా? తలుపు వెయ్యి? కతకలుకపు కవెకయ్యి. దీన్ని క భాష అంటారు. మా తెనాలిలో లంగాలేసుకున్న ప్రతి పిల్లా మాట్లాడేది, పెద్దవాళ్లకి అర్థం కాకుండా. నమ్మకపోతే మీ అమ్మమ్మకి ఫోన్ కొట్టు. ఇప్పుడే కొట్టు, నేనేం అనుకోను. గడగడా మాట్లాడకపోతే నన్నడుగు.

ఆ పుస్తకంలో పిల్లలు నీళ్లడిగేటప్పుడు ఏమంటారు? కనీకళ్లు. ఏం సృష్టించింది ఇందులో?

ఇంకోటి చెప్పనా? నేను క భాష అంటే ఆ పిల్లకి కాకి భాష అని వినబడింది. ఆరేళ్ల పిల్ల, ఇక్కడ పుట్టిన నోరు, ఇక్కడి చెవి. కిటికీ దగ్గర నిలబడి, ఫెన్స్ మీద వాలిన కాకులతో కఏకమే కకాకకీ అని కబుర్లు చెప్పేది. అవి జవాబిస్తున్నాయని నాకు చెప్పేది. నేను దిద్దలేదు. ముద్దొచ్చి ఊరుకున్నాను. అదీ ఆ కాకి రెక్కల మనుషుల కథ. మరి మీ పేజీలో ఎవరో ప్రొఫెసర్ ఏం రాశాడు? కాకి హిందువులకి పితృదేవతట, రచయిత్రి పూర్వీకులని తవ్వుకుంటోందిట. దానికి మూడు సోర్సులు. ఆయన కలగన్నదానికి మూడు సోర్సులు దొరికాయి, నా కళ్లతో చూసినదానికి ఒక్కటీ లేదు.

కాఫీ తాగు, చల్లారిపోతుంది. డికాక్షన్ కాఫీయేలే, ఇన్‌స్టంట్ కాదు.

శాంతినా? తార వాళ్లమ్మ శాంతిని అడగచ్చు కదా అంటావా? జెర్సీ సిటీలో ఉందటగా ఇప్పుడు. అడుక్కో. నా పేరు ఎత్తి చూడు, ఫోన్ పెట్టేస్తుంది.

ఎందుకంటే ఏం చెప్పను. మా పక్కింట్లోనే ఉండేవాళ్లు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఆఫీసులకి వెళ్తే స్కూల్ అయ్యాక పిల్ల నా దగ్గరికి వచ్చేది. మూడేళ్లు. నాకు పిల్లల్లేరు, అది నీకెందుకులే. జడ వేసేదాన్ని, పప్పన్నం పెట్టేదాన్ని, కాళ్లు చాపుకుని ఇద్దరం క భాషలో ఊరందరి మీదా చాడీలు చెప్పుకునేవాళ్లం. ఒక్కటే రూల్. మన భాషలో అన్నమాట బయట చెప్పకూడదు. అమ్మకి కూడా.

అది స్కూల్లో కూడా మొదలెట్టింది. కమే కఐ కగో కటు కబాకత్రూమ్ అని అడిగిందట. టీచర్ హడలిపోయింది. పిల్లకి మాట లోపం ఉందని స్పీచ్ థెరపిస్ట్ దగ్గర కూర్చోబెట్టారు. ఆరు వారాలు. ఆ థెరపిస్ట్ ఫైల్‌లో ఉంటుంది చూడు, అది మంచి సోర్స్ మీకు, లెటర్‌హెడ్ మీద ఉంటుంది. శాంతి ఆ కాగితం పట్టుకొచ్చి నా హాల్లో, మా ఆయన ముందు, "పిల్లలుంటే తెలిసేది నీకు. నా పిల్ల నోరు పాడుచేశావు" అంది.

ఆ మాట. ఇరవై రెండేళ్లయింది. ఇదిగో, ఇప్పుడు నీకు చెప్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

ఆగు. చెయ్యి ఏది, ఇలా పెట్టు. స్లీవ్ కిందకి లాక్కోకు, చూశాను. కప్పు ఎత్తినప్పుడే చూశాను. కరాకకు. ఇంగ్లిష్ అక్షరాల్లో పచ్చబొట్టు. నువ్వు కూడానా? అందుకా పేజీకి అలా కాపలా కాస్తున్నావు. నేను ఏదో రూల్స్ పిచ్చి అనుకున్నాను.

ఎప్పుడు వేయించుకున్నావు?

మీ నాన్న పోయినప్పుడా. సరే. సరేలే. కళ్లు తుడుచుకో, టిష్యూ అక్కడుంది.

తెలుసు, ఆ పేజీలో ఈ మాట గురించే నాలుగు పేరాలున్నాయి. పుస్తకం చదివినవాళ్లు పెళ్లిళ్లలో చెప్పుకుంటారట, హాస్పిటల్ మంచాల మీద రాసుకుంటారట. నేనూ చదివాను ఆ ఘట్టం, నూట పన్నెండో పేజీ, డిక్షనరీ పక్కన పెట్టుకుని. ముసలి కాకితల్లి గుహ మూసేస్తుంది. బయట మంచులో ఒక పిల్ల. రాతి సందులోంచి ఆ ఒక్క మాట వినబడుతుంది. కరాకకు. నేను ఇక్కడే ఉంటాను అని దాని అర్థం. ఆ పిల్ల ఆ మాట నమ్ముకుని, మంచు కరిగేదాకా గుహ ముందే కూర్చుంటుంది. పుస్తకం మూసేసి నేను రెండు రోజులు వంట చేయలేదు.

ఏమిటి? క తీసేస్తే ఏమవుతుందా? నీకూ తెలివొచ్చేసిందే. వద్దులే. ఆ సంగతి వదిలేయ్. ఇంకొంచెం కాఫీ పోస్తాను.

వదలవా? తొమ్మిదిసార్లు నన్ను అడిగావు, ఆధారమేది, ఆధారమేది అని. సరే, విను మరి. విన్నాక ఏడవకు.

శాంతి అలా అన్న రాత్రే ఫోన్ చేసింది. ఏడ్చింది. "నోరు జారాను రాధక్కా, ఏమీ అనుకోకు, రేపు పిల్ల ఎప్పటిలాగే వస్తుంది" అంది. నేను ఊఁ అన్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు ఆవిడ సారీ చెప్పిందని. ఇప్పటికీ శాంతే పిల్లని మానిపించిందని అనుకుంటాడు ఆయన. పదిమందికీ అలాగే చెప్పాను. నీకూ అలాగే చెప్పేదాన్ని.

మర్నాడు మూడుంబావుకి పిల్ల వచ్చింది. బ్యాగు వీపున వేసుకుని, షూ లేసులు ఊడిపోయి. స్క్రీన్ డోర్‌కి లోపల నేను గొళ్లెం పెట్టుకుని నిలబడ్డాను. హాల్లో మా ఆయన పేపర్ చదువుతున్నాడు, వింటే తిడతాడు. అందుకని మా భాషలో అన్నాను. కరాకకు.

రాకు. అంతే దాని అర్థం. రాకు.

దానికి తెలియలేదు. ఇక్కడి పిల్లలకి రాకు, పోకు ఎక్కడ తెలుసు? అంతా రావద్దు, పోవద్దు. మీ ఇంట్లోనూ అంతే కదా? అందుకే నువ్వూ చెయ్యి చాపి పొడిపించుకున్నావు.  తార స్క్రీన్‌కి ముక్కు ఆనించి, "అంటే వాట్ ఆంటీ?" అంది. అప్పుడైనా తలుపు తీయచ్చు. తీయలేదు. మొహం చూసి నిజమూ చెప్పలేకపోయాను. "నేను ఇక్కడే ఉంటాను అని" అన్నాను.

నవ్వింది. వెళ్లి మెట్ల మీద కూర్చుంది. నేను ఇక్కడే ఉంటానన్నాను కదా, తలుపు తీస్తాను అనుకుంది. ఆరింటికి వాళ్లమ్మ కారు శబ్దం వినబడేదాకా అక్కడే కూర్చుని, లేచి వెళ్లింది. మర్నాడూ వచ్చింది. మూడోరోజూ వచ్చింది. జూన్ ఎండ, మా మెట్ల మీద నీడ కూడా ఉండదు. నేను కిటికీ బ్లైండ్స్ సందులోంచి చూస్తూ కూర్చున్నాను. వాళ్లమ్మకి చెప్పలేదు ఆ పిల్ల. మన భాషలో మాట బయట చెప్పకూడదు అన్నానుగా. నాలుగోరోజు ఎదురింటివాళ్లు చెప్తే శాంతికి తెలిసింది. ఆ ఎండాకాలమే ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు.

పిల్లలుంటే తెలిసేది నీకు అంది శాంతి. నిజమే, తెలియలేదు నాకు.

పేజీలో నా పేరు ఎందుకు పెట్టాలనుకున్నానో ఇప్పుడు అడగవేం? ఆ పేజీ తార అప్పుడప్పుడు చూసుకుంటుందని ఏదో ఇంటర్వ్యూలో చెప్పింది. నా పేరు కనబడితే ఫోన్ చేస్తుందేమో అని. అందుకే నంబర్ కూడా పెట్టాను. రెండు దాటాక అని.

నీ దగ్గర ఆమె ఈమెయిల్ ఉందా? వద్దమ్మా. చూపించకు. రాకు అన్న నోటితో ఏమని రాయను, రా అనా? అది ఇన్నేళ్లు ఆ మాటని ఏ అర్థంతో దాచుకుందో అలాగే ఉండనీ. నీ చేతి మీదా అలాగే ఉండనీ. మీ నాన్న నీకు ఆ అర్థంతోనే ఉన్నాడనుకో. అన్ని లక్షలమంది ఒకటి అనుకుంటుంటే, ఒక్క ముసలిదాని మాట ఎవడిక్కావాలి?

లేస్తున్నావా? స్వీట్ బాక్స్ తీసుకెళ్లు, మేము తినము.

ఆ వాక్యం నిన్న రాత్రి మళ్లీ పెట్టాను, పదోసారి. వెళ్లి తీసేయి. కారణం కూడా పాతదే రాయి, మార్చకు. "నమ్మదగిన ఆధారం కాదు." అది చదివిన ప్రతిసారీ ఎందుకంత ఒళ్లు మండేదనుకున్నావు నాకు? నా గురించి నిజం రాసింది నువ్వొక్కదానివే.