సోమయ్యను క్షమించకండి

సభాధ్యక్షులు గురునాథరావు గారికి, వేదిక మీది పెద్దలకు, మా నాటక సమాజం మిత్రులకు, ఇన్నేళ్లూ నన్ను నోరారా తిట్టిపోసిన ఉక్కునగరం ప్రేక్షకులకు ఈ నీలకంఠం నమస్కారాలు. (నవ్వులు)

రోలింగ్ మిల్లులో నా ఉద్యోగం మొన్న నెలాఖరుతో ముగిసింది, ఇక క్వార్టరు ఖాళీ చేసి వెళ్లిపోతున్నాం. అక్కడ శాలువా కప్పి, దండ వేసి, మంచివాడన్నారు. ఇక్కడ నిలబడితేనే బెరుగ్గా ఉంది, ఎందుకంటే మీరందరూ నన్ను దుర్మార్గుడిగానే ఎరుగుదురు. మా ఇంటావిడ చిట్టెమ్మతో పెందుర్తిలో కూరలు కొనబోతే, అమ్మే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "సెల్లెలి తోట అమ్మీసినోడు ఈడే కదమ్మా, ఈడితో ఎలాగ కాపరం సేత్తన్నావ్?" అని, జాలిపడి చిట్టెమ్మకు గుప్పెడు మిరపకాయలు కొసరు వేసింది. అదిగో, చిట్టెమ్మ ఇప్పటికీ నవ్వుతోంది చూడండి.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా నాటకంలో నేను సోమయ్యను. కొడుక్కి వైద్యం చేయించడానికి, చెల్లెలు నమ్మి అప్పగించిన జీడితోటను ఆమెకు చెప్పకుండా అమ్మేస్తాను. కొడుకు బతుకుతాడు. చెల్లెలు తన తోటలోకే కూలికి వెళుతుంది. మొదట్లో నేను మీసం మెలేసి గర్జించేవాణ్ణి. నాటకం రాసి ఆడించిన జ్యోతిర్మయి గారు అది భరించలేక రిహార్సల్ ఆపేసి, అందరికీ టీ తెప్పించారు. ఆవిడ పెట్టిన పద్ధతి ఒకటుంది. విలన్ వేషం కట్టేవాడు టీ తాగుతూ తన పక్షం చెప్పుకోవాలి. వినేవాళ్లలో ఒక్కరైనా "నేనైనా అదే చేద్దును" అనేదాకా వాణ్ణి స్టేజీ ఎక్కనివ్వరు.

సరే, చెప్పాను. పిల్లాడి ఆయాసం గురించి, ఆస్పత్రి వరండాలో వాడు నా చొక్కా పట్టుకుని వదలకపోవడం గురించి చెప్పాను. గోదావరి జిల్లా నుంచి వచ్చిన మన గురునాథరావు గారే కళ్లద్దాలు తుడుచుకుని, "నేనైనా అమ్మేద్దునండీ" అన్నారు. అన్నారా లేదా సార్? (నవ్వులు) నేను గెలిచాననుకున్నాను. అప్పుడు చెల్లెలి వేషం వేసే పుష్ప అడిగింది, "మరి నన్నో మాట అడగనేదేటన్నా?" అని. టీ చల్లారిపోయింది గాని నాకు జవాబు దొరకలేదు. ఆ జవాబు దొరకనితనమే సోమయ్య. నాకు ఆ వేషం ఇచ్చింది జ్యోతిర్మయి గారైతే, దానికి ప్రాణం పోసింది పుష్ప.

సబ్బవరంలో ఆడినప్పుడు పోతమ్మ అనే పెద్దావిడ తెర వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నీ మొకాన ఉమ్మీడానికే వొచ్చినాను నాయినా. నీ కొడుకు గుంటడి మాటిని నాకూ ఏడుపొచ్చీసింది. అయితే మట్టుకు, ఆ పిల్ల తోట ఆ పిల్లకి వొచ్చీసిందేటి?" అంది. నా కోసం ఏడ్చిన మనిషే ఆ మాట అడిగింది. అంతకన్నా గొప్ప ప్రేక్షకురాలు నాకు దొరకలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ సభ తర్వాత నా ఆఖరి ప్రదర్శన ఉంది. చివరి రంగంలో సోమయ్య చెల్లెలి గుమ్మం ముందు నిలబడి ఏడుస్తాడు. ఆమె అంతా వింటుంది, తాగడానికి నీళ్లిస్తుంది, తలుపు వేసేస్తుంది. ఇవాళ మధ్యాహ్నం సమాజం వాళ్లంతా వచ్చి, "మీరు వెళ్లిపోతున్నారు కదా, ఈ ఒక్కసారికి చెల్లెలు అన్నను క్షమించి లోపలికి పిలిచేలా మార్చేశాం, ఇది మా కానుక" అన్నారు. నిజం చెబుతున్నాను, నా కళ్లు చెమర్చాయి. ఏ శాలువా నన్నంత కదిలించలేదు.

కాని ఆ కానుక నేను పుచ్చుకోలేను. నా మీది ప్రేమకొద్దీ మీరు చెల్లెలి చేత మాఫీ చేయిస్తున్నారు. అమ్మేటప్పుడు సోమయ్య ఆమెను అడగలేదు. క్షమించేటప్పుడైనా మనం అడగొద్దా?

ఏటంటన్నావ్ పుష్పమ్మా?

(ముందు వరసలోంచి పుష్ప: "ఇయ్యాల తలుపెయ్యడానికి నాకు సేతులు రావు బాబూ!")

రావాలి తల్లీ. నన్ను ఇంటికి పిలువు, భోజనం పెట్టు, చిట్టెమ్మనూ వెంటబెట్టుకుని వస్తాను. సోమయ్యకు మాత్రం ఎప్పటిలాగే నీళ్లిచ్చి, తలుపు వేసెయ్. నేనెంత ఏడ్చినా సరే, తియ్యకు.

ఇంతకాలం ఒక చెడ్డవాణ్ణి ఇంత ప్రేమగా భరించిన మీ అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. వేషం వేసుకోవాలి, సెలవు.