ఒక్కరు వెయ్యని నాటు

1996 నవంబరు పద్దెనిమిదో తేదీన దామరచర్ల దగ్గరి ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో గణితోపాధ్యాయులుగా చేరిన శ్రీ రాజారత్నం గారు, ఇరవై ఎనిమిదేళ్ల ఎనిమిది నెలల సేవ అనంతరం, ఈ జూలై ముప్ఫై ఒకటిన, గురువారం నాడు, సూర్యాపేటలో పదవీ విరమణ చేస్తున్నారు.

ఏడో తరగతికి ఏకవస్తు పద్ధతి బోధించడంలో వారిది అందెవేసిన చేయి. "ముందు ఒకటికెంతో తేల్చండి. తర్వాత వందకైనా మీరే చెప్తరు" అన్నది వారి మాట. ఏడు నోటు పుస్తకాల బరువు తెలిస్తే ఒకదాని బరువు, దాన్నుంచి ఇరవైంటి బరువు. ఇంట్లోనూ అదే అలవాటు. చుట్టాలొచ్చిన రోజున "మనిషికి ఎంత బియ్యం?" అంటూ వంటింట్లోకి వచ్చే భర్తతో, "మీ లెక్క బోర్డు మీద పెట్టుకోండ్రి, నా కుండకు ఎరికే" అనేవారు శ్రీమతి జానమ్మ గారు.

ఆ పద్ధతి మీద వారికి 2001 వానాకాలం వరకు ఎన్నడూ అనుమానం రాలేదు.

ఆ ఏటి పరీక్షలో వారు ఇచ్చిన లెక్క ఇది: ఎనిమిది మంది కూలీలు ఒక పొలంలో ఒక్కరోజులో నాటు వేస్తే, అదే పొలానికి ఒక్కరికి ఎన్ని రోజులు పడుతుంది? తండా నుంచి వచ్చే నీలా అనే అమ్మాయి "ఒక్కరు వెయ్యరు" అని రాసింది. ఆయన సున్నా వేసి, ఆ జవాబును తరగతిలో పైకి చదివారు. పిల్లలు నవ్వారు.

"ఎనిమిది రోజులు కాదా?" అని నీలాను అడిగారు.

"ఎనిమిది రోజులైతే పీకిన నారు కుళ్లిపోతది సార్. ఒక్కతి మడిల దిగదు. ఎవ్వరన్న దిగుతరా?"

"లెక్కల నారు కుళ్లదు. కూసో."

"మరి గా లెక్కెందుకు సార్?"

పిల్లలు మళ్లీ నవ్వారు. ఈసారి ఆయన కూడా నవ్వారు.

ఆ తర్వాతి సోమవారం నుంచి నీలా బడికి రాలేదు. మూడో వారం ఆయన తండాకు వెళితే, తల్లి రంగి మంచం వాల్చి కూర్చోబెట్టింది.

"నాట్లకు పోతున్నది సార్. బడిల దానికి లెక్క రాదంట కద. మడిల మంచిగ వస్తది."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే అది గుచ్చుకుంది. మరో రెండుసార్లు వెళ్లి, పొలం గట్టు మీద నిలబడి పిలిచారు. నాటు వేసే వరుసలోంచి నీలా తలెత్తి చూసింది కానీ గట్టెక్కలేదు.

2009లో కోదాడకు బదిలీ అయ్యేనాటికి వారి బోధన మారింది. లెక్క చేశాక, కింద మరో వరుసలో "ఇది నిజంగా జరుగుతుందా?" అన్న ప్రశ్నకు పిల్లలు జవాబు రాయాలి. బోరు నల్లా కింద బకెట్లు పెట్టి నిమిషానికి ఎన్ని నీళ్లో తేల్చిన రోజున, "మధ్యాహ్నానికి బోరు తగ్గుద్ది సార్, అప్పుడీ లెక్క పనికిరాదు" అన్నాడొక పిల్లవాడు. "ఆ మాటే రాయి" అని, దానికీ మార్కు వేశారు. సూర్యాపేటకు వచ్చాక కూడా ఆ వరుస లేని నోటు పుస్తకాన్ని వారు దిద్దగా తోటి ఉపాధ్యాయులమైన మేము చూడలేదు.

వారి దగ్గర చదివి పెద్ద ఉద్యోగాలు చేస్తున్నవారు ఎందరో ఉన్నారు. ఆయన తలుచుకునేది మాత్రం హాజరుపట్టీలో సగంలో ఆగిపోయిన ఆ ఒక్క పేరునే.

గతవారం నంబరు సంపాదించి, ఈ వీడ్కోలు సభకు రమ్మని నీలాకు ఫోన్ చేశారు.

"గురువారం మాకు నాటున్నది సార్. పదకొండు మందిమి ఒప్పుకున్నం. నేనొక్కదాన్ని ఆగితే మునుం సాగదు, వరుసంత ఆగుతది, ముఠోళ్లు తిడతరు."

"ఆనాడు నువ్వు రాసిన జవాబు రైటే బిడ్డా. తప్పు నాది."

"ఏ జవాబు సార్?"

ఆయన లెక్క మొత్తం గుర్తుచేశారు.

"గది చిన్నపోరికి గూడ ఎరికే కద సార్" అన్నది నీలా. "గప్పుడే చెప్పుంటే అయిపోతుండె" అని కూడా అన్నది.

ఆ తర్వాత ఆమే, "నాట్లయినంక రండి సార్, పొలం సూపిస్త" అని ఫోన్ పెట్టేసింది.

శ్రీ రాజారత్నం గారి మోకాళ్లకు సత్తువ, కంటికి చూపు, రాత్రికి నిశ్చింతమైన నిద్ర కలగాలని, జానమ్మ గారి చేతి వంట తింటూ వారు నిండు ఆయుష్షుతో ఉండాలని మనసారా కోరుకుంటున్నాము. ఈ వానాకాలం దాటకముందే వారు దామరచర్ల బస్సెక్కాలి. ఈసారి గట్టు మీద నిలబడి పిలవవలసిన అవసరం రాకూడదు. ఆమే ఎదురు రావాలి.