అచ్యుతన్ మాష్ తోక

హలో… ఆఁ, నేనేరా దివాకరా, పారుక్కుట్టి అమ్మమ్మనే. అంత గట్టిగా అరవకు, చెవుడు ఎడమ చెవికి. ఫోను పెట్టుకున్నది కుడి చెవికి…

ఆ… ఆ… రేపు తొమ్మిదింటికి కారు పంపిస్తావు. తెలుసు… మంత్రిగారు పదింటికి వస్తారు. అంటే పన్నెండున్నరకి. అదీ తెలుసు…

నవ్వకు. కసవు జరీ అంచు తెల్లబట్ట తీసి ఉంచాను. మా కోడలు గిరిజ ఇస్త్రీ కూడా చేసింది. రాయి మీది గుడ్డ లాగడానికి చేతికి కొబ్బరినూనె రాసి పట్టుకుంటున్నాను, మూడు రోజుల్నించీ. నూరేళ్ళ పండగ అంటే మాటలా… మా అన్నయ్యకేరా నూరేళ్ళు, నాకు కాదు! నాకింకా ఎనభయ్యారే…

ఆగాగు. పెట్టెయ్యకు. ఒక్క మాట అడుగుతాను. రాయి వచ్చిందా?…

వచ్చింది. నల్లరాయి. నిగనిగలాడుతోంది… అక్షరాలకి బంగారురంగు కూడా వేశారు. బాగుంది. మరి దానిమీద ఏం చెక్కారో ఒక్కసారి చదివి వినిపించు…

ఏం, కళ్ళజోడు వెతుక్కుంటున్నావా?

చదవరా. లైబ్రరీ సెక్రటరీవి, చదవడం రాదా?… "అచ్యుతన్"… ఊఁ… తర్వాత?… తర్వాత "స్మారక గ్రంథాలయం." మధ్యలో ఏదో మింగేశావు నాయనా. దగ్గు వచ్చినట్టు నటించి మరీ మింగావు. పొద్దున్న గిరిజ పాలు పోయడానికి పోతూ మీ లైబ్రరీ అరుగు మీద ఆ రాయి చూసింది. దాని కళ్ళు బాగానే ఉన్నాయి.

అదీ. "అచ్యుతన్ కైమళ్." నీ నోటితోనే అన్నావు.

ఎవడ్రా ఆ కైమళ్?… మా ఊళ్ళో బడిపంతులు అచ్యుతన్ మాష్ ఉండేవాడు, నేనెరుగుదును. ఒకే కంచంలో తిన్న చెల్లెల్ని. ఈ కైమళ్ ఎవరో నాకు తెలీదు. తెలియని మగవాడి మీది గుడ్డ లాగమంటే ఎట్లా లాగుతాను, ఈ వయసులో?…

ఊఁ… ఊఁ… రాయి ఇచ్చినవాళ్ళు అట్లా చెక్కించి తెచ్చారు… కులసంఘం వాళ్ళు. ఆ సంఘానికి పెద్ద మన చంద్రశేఖరనేగా, మా పెద్దక్క మనవడు?… "కైమళ్" ఉంటేనే రాయి ఇస్తానన్నాడు. మీరు సరేనన్నారు… రెండు పార్టీలూ?… రెండూ ఒక్కమాట మీదకి వచ్చాయా? ఆహా! వంతెన కట్టమంటే పదేళ్ళు కొట్టుకున్నారు, పేరుకి కులం తోక అతికించడానికి ఒక్క సాయంత్రంలో కలిసిపోయారు!

ఆఁ, తెలుసు, ఎన్నికలొస్తున్నాయి. కైమళ్ల ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు వేళ్ళమీద లెక్క…

చిన్న విషయమా? ఏది చిన్న విషయం? ఒరేయ్, చూరుకింద నుంచున్నావా, కూర్చున్నావా?… అయితే కూర్చో. అరుగు మీదే కూర్చో. చెప్తాను.

నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. మా అన్నయ్యకి కొత్తగా బళ్ళో ఉద్యోగం వచ్చింది. ఒక ఆదివారం రేవు దగ్గర సంతలో చెండ వాయించే కుట్టప్పన్‌ని పిలిచి, తమలపాకులు చేతిలో పెట్టి, దండోరా వేయించాడు. ఏమనీ? "అయ్యలారా, అమ్మలారా! అచ్యుతన్ అనే పంతులు పేరు వెనకాల కైమళ్ అనే తోక ఒకటి ఉండేది. ఈ ఉదయం నుంచి కనబడటం లేదు. ఎవరికైనా దొరికితే దయచేసి తిరిగి ఇవ్వొద్దు!"…

నవ్వు, నవ్వు. సంతంతా నవ్వింది. చేపలమ్మే ఆడవాళ్ళు బుట్టలు దించి మరీ నవ్వారు. కుట్టప్పన్‌కే నవ్వాగక చెండ కర్ర జారి కాలవలో పడింది. నేను అన్నయ్య భుజాల మీద ఉన్నాను, నాకు అర్థం కాక "ఏట్టా, అన్నయ్యా, నీకు తోక ఎక్కడుండేది?" అని వీపు తడిమాను…

మా ఇంట్లోనా? ఇంట్లో ఎవరు నవ్వుతారు. మా ఇళ్ళల్లో పెత్తనం మేనమామదేగా. మామ వాకిట్లో నుంచుని, "తోక లేనివాడికి ఈ ఇంట్లో తిండి లేదు" అన్నాడు. అన్నయ్య ఏమన్నాడో తెలుసా? "మామా, తోకతో తిండి తినేది నాకు తెలిసి ఏనుగొక్కటే, అది కూడా తొండంతో తింటుంది" అన్నాడు… అంతే. ఆ పూటే గెంటేశారు. గొడుగు కూడా ఇవ్వలేదు, అది మామ కొన్నదని. వానలో పోయాడు.

ఆ గెంటిన ఇంటివాడేరా నీ చంద్రశేఖరన్. మంత్రి వస్తున్నాడనేసరికి, అప్పుడు గెంటినవాణ్ణి ఇప్పుడు లోపలికి పిలుస్తున్నారు. పిలవనీ. కానీ గుమ్మంలోనే తోక పెట్టి, "ఇది తగిలించుకుని రా" అంటున్నారు.

ఆ… ఊఁ… లేదులే, నీమీద కోపం లేదు. నువ్వు మంచివాడివి. మెత్తటివాడివి. మీ అమ్మ బియ్యప్పిండితో ఆవిరి మీద చేసే పుట్టులాగా, ఎవడు ఏ గిన్నెలో వేస్తే ఆ గిన్నె ఆకారం…

సరే, ఇది చెప్పు. గెంటిన రోజున అన్నయ్య ఎక్కడికి పోయాడు?… తెలీదా? మీ ఇంట్లో చెప్పలేదా?

మీ ముత్తాత చాత్తన్ ఇంటికి పోయాడు.

…ఆఁ. పాడుబడ్డ గట్టు మీద, తాటాకు గుడిసె. మీవాళ్ళు పైకులం వాళ్ళకి ఎదురుపడకుండా పొలంలోకి దిగి నుంచోవాల్సిన రోజులవి. చాత్తన్ భయపడి గడప దాటి లోపలికి రమ్మనలేదు. బయటే నుంచుని, "తంబ్రా, దొరా, మా ఇంట్లో మీరు తినేది ఏమీ లేదు" అన్నాడు. మా అన్నయ్య తడిసిన పంచె పిండుకుంటూ, "తంబ్రాన్ సంతలో పోయాడు. నేను అచ్యుతన్ని. గంజి ఉందా?" అన్నాడు. ఉంది. గంజీ, పనసకాయ కూరా. ఒకే చాప మీద, మోకాలికి మోకాలు తగిలేట్టు కూర్చుని తిన్నారు. ఆ సంగతి చాత్తనే నాకు చెప్పాడు, ముసలితనంలో. చెప్తూ మోకాలు చూపించాడు. ఈ మోకాలేనమ్మా, అని…

దివాకరా, ఎక్కడికి లేచావు?…

మంచినీళ్ళకా. సరే. తాగు, తొందరేం లేదు.

నా పెళ్ళి సంగతి చెప్పనా ఈ లోపల? తోక తెగినవాడి చెల్లెల్ని ఎవరు చేసుకుంటారని మూడు సంబంధాలు వెనక్కి పోయాయి. ఎంత అదృష్టం! వాళ్ళలో ఒకడికి తర్వాత బట్టతల కూడా వచ్చింది. ఆ సంబంధాలు పోబట్టేగా మీ కుంజంబు తాత దొరికాడు. బీడీలు చుట్టేవాళ్ళ మధ్య కూర్చుని పేపరు చదివి వినిపించే ఉద్యోగం. చదువురాని నేను చైనా ఎక్కడుందో, చర్చిల్ ఎవడో ఆయన నోట విన్నాను. ఆయన కులం వేరు, నా కులం వేరు. దండలు అందించింది అన్నయ్యే. ఇప్పుడు రేపు పొద్దున్న, ఇంతమంది ముందు, నా చేత్తో గుడ్డ లాగి ఆ కైమళ్‌ని బయటపెడితే… కుంజంబుని నేనే వీధిలోకి దింపి నుంచోబెట్టినట్టు కాదూ? మీ చాత్తన్‌ని మళ్ళీ పొలంలోకి దింపినట్టు కాదూ?

లాగలేనురా. తోక ఉంటే నేను రాను. నూనె రాసుకున్నది దండగైతే అయింది…

మంత్రి ఏమనుకుంటాడని నాకెందుకు?… ఆయన్నే లాగమను. యువకుడు, డెబ్బైయేళ్ళవాడు…

ఏమన్నావు? మళ్ళీ చెప్పు… నీకూ తీసెయ్యాలనే ఉందా? ఆఁ! అదీ చాత్తన్ రక్తం!… కానీ ఒక్కడివే చేస్తే అవతలి పార్టీవాళ్ళు గొడవ చేస్తారు. నిజమే. "ఎర్రజెండావాళ్ళు కైమళ్లని అవమానించారు" అని మైకు పెడతారు. వాళ్ళ నాయకుడు జోసెఫ్‌కుట్టి అక్కడే ఉన్నాడా?… టీ తాగుతున్నాడా? వాడి మూడోది అయ్యుంటుంది. వాడికివ్వు ఫోను.

ఆఁ, జోసెఫూ. బాగున్నావా? అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా?… నేను చెప్పిన నూనె రాయమను. సరే, విను. నా ఇంటిముందు గోడ తెలుసుగా?… మలుపులో ఉన్నదే. రెండువైపుల నుంచి వచ్చే బస్సులకీ కనిపించేదే… ఏరా, వెంటనే గొంతు తేనె అయిపోయింది! ప్రతి ఎన్నికకీ సున్నం బకెట్టు పట్టుకుని రెండు పార్టీలూ నా గుమ్మంలో నుంచుంటారు, నేను ఒక్కరికీ ఇవ్వలేదు. అవునా?… ఈసారి ఇస్తాను.

గెంతకు, టీ ఒలుకుతుంది. సగమే. సగం నీకు, సగం దివాకరన్‌కి. మధ్యలో నా కొబ్బరిచెట్టు హద్దు. ఎవరి అక్షరాలూ చెట్టు దాటకూడదు… నేనేం గోడమీద పిల్లిని కాదు, గోడ సొంతదారుని!… దానికి బదులు ఆ రాయి మీద తోక పోవాలి. ఇప్పుడే. ఇద్దరూ కలిసి తీయించామని చెప్పాలి…

చంద్రశేఖరన్‌కి కోపం వస్తుందా? రానీ… రాయి వెనక్కి తీసుకుపోతాడా? వాడా? రేపు మంత్రి పక్కన కుర్చీ ఎవరికి వేశారు?… వాడికేగా. ఆ కుర్చీ అక్కడ ఉన్నంతసేపూ వాడు కోపం ఇంట్లో పెట్టి తాళం వేసి వస్తాడు. నా అక్క మనవడు, నాకు తెలీదా. అడిగితే నా మీదకి తొయ్యండి. రాయి వాడిది, పేరు మా అన్నయ్యది.

ఊఁ… ఊఁ… కుడి సగం కావాలా? బస్టాండు వైపుదా?… దివాకరన్‌ని అడుగు… ఒరేయ్, మీరిద్దరూ నా ఫోనులో కొట్టుకోకండి! బొమ్మా బొరుసా వేసుకోండి తర్వాత… సరేనా? మాట ఇచ్చావు. మేరీమాత మీద. దివాకరన్‌కివ్వు.

ఆఁ దివాకరా. అయిపోయింది. రాయి నిలబెట్టే మేస్త్రి అక్కడే ఉన్నాడుగా?… సిమెంటు కలుపుతున్నాడు. ఉలి ఉందా అడుగు… ఉంది. మరింకేం.

…గుంట పడుతుందా?… అవును, లోతుగా చెక్కింది కదా, కొట్టేస్తే అక్కడ పెద్ద గుంట పడుతుంది. చూడ్డానికి బాగోదు… పూడ్చి, నల్లరంగు వేసి, పైన ఒక పువ్వు బొమ్మ?…

వద్దు.

పువ్వూ వద్దు, రంగూ వద్దు. గుంట అట్లాగే ఉండనీ… కాదురా, విను. నున్నగా చేస్తే, అక్కడ ఎప్పుడూ ఏమీ లేదనుకుంటారు. మా అన్నయ్య ఏ తోకా లేకుండానే పుట్టాడనుకుంటారు. ఉండేదిరా. ఉంటే, తెంచుకున్నాడు. తెంచుకుంటే నొప్పి పుట్టింది, వానలో పోయాడు. అది కనబడాలి. పుస్తకాల కోసం వచ్చే పిల్లలు ఆ గుంటలో వేలు పెట్టి, "ఇక్కడేముండేది సార్?" అని అడుగుతారు. నువ్వు చెప్పాలి. లైబ్రరీ సెక్రటరీకి అంతకంటే పనేముంది…

ఆ… నువ్వు ఏడుస్తున్నావో జలుబు చేసిందో నాకనవసరం. తువ్వాలు తెచ్చుకో.

మేస్త్రి ఏదో అంటున్నాడు… ఏమిటట?… ఎటునుంచి మొదలుపెట్టమంటారనా? చివరి అక్షరం నుంచి. అచ్యుతన్ వైపుకి వచ్చేటప్పుడు చెయ్యి నెమ్మదిగా కదపమను. మా అన్నయ్యకి తగలకూడదు.

దివాకరా, ఫోను పెట్టెయ్యకు. రాయి పక్కన కింద పెట్టు… అట్లాగే, తెరిచి ఉంచి. అందరినీ కాసేపు నోరు ముయ్యమను. జోసెఫ్‌కుట్టిని కూడా…

…

…ఆ.

…ఆఁ, ఉలి దెబ్బ వినబడుతోంది. ఇంకోటి…

గిరిజా! పొయ్యి మీది పాలు దించెయ్, నేను రాలేను!… నీక్కాదు దివాకరా, కొట్టనీ… నా ఫోను కుయ్యి కుయ్యిమంటోంది, ఛార్జింగు అయిపోతున్నట్టుంది. అయిపోనీ… ఒక అక్షరం పోయిందా?… పోయిందా! భేష్… ఇంకా కొట్టమను, ఇంకా కొట్ట—