రక్తం తీసిన వేళ

1991 ఆగస్టు పన్నెండవ తేదీన, ఒక మైక్రోస్కోపూ రెండు కుంటి స్టూళ్ళూ తప్ప మరో ఆస్తి లేని నాడీవ్యాధుల ప్రయోగశాలలో టెక్నీషియన్‌గా అడుగుపెట్టిన మేడమ్‌గారు, ముప్పై నాలుగు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారిని గురించి నాలుగు మంచి మాటలు రాయమని ఈ సంచిక సంపాదకులు నన్ను కోరారు. వారితో అయిదు నెలలు మాట్లాడకుండా ఉన్న ఘనత మా అందరిలో నా ఒక్కడిదే కనుక, ఆ బాధ్యత నాకు దక్కడం న్యాయమే.

తొలి పదేళ్ళలోనే వారు రక్తం తీయడంలో సిద్ధహస్తులని పేరు పొందారు. అనంతరం ఏ.ఎల్.ఎస్. పరిశోధనకై ఆరు ప్రయోగశాలలు ఒక కూటమిగా ఏర్పడినప్పుడు, అన్నిచోట్ల నుండి వచ్చే రక్త నమూనాలను భద్రపరిచే శీతలగదిని వారికి అప్పగించారు. కండరాలను నడిపే నాడీకణాలు క్రమంగా నశించి, చేయి, కాలు, మాట, చివరకు ఊపిరి కూడా వశం తప్పే ఆ వ్యాధిని నయం చేసే మందు నేటికీ లేదు. ఏ ఒక్క ప్రయోగశాలకూ చాలినంతమంది రోగులు దొరకరు కాబట్టి కలిసి పనిచేయక తప్పదు. కలిసి పనిచేయడమంటే ఆరుగురు తోడికోడళ్ళు ఒకే వంటింట్లో వండడమే. ఆ వంటింటికి మేడమ్‌గారు అత్తగారు. ఆ ఆరింటిలో మరో ప్రయోగశాల నాది.

ఏ ట్యూబు అందినా వారి మొదటి ప్రశ్న "ఎన్నింటికి తీశారు?" అనే. అందుకే వారు లేనప్పుడు "గడియారం మేడమ్" అనుకునేవాళ్ళం. "పాలగిన్నె మూత మీద కూడా కాచిన టైము చీటీ అంటిస్తుందండీ, నా మీద ఇంకా అంటించలేదు," అని వారి శ్రీవారు ఒకసారి నాతో మొరపెట్టుకున్నారు.

ఆ ప్రశ్నే నా కొంప ముంచింది. రోగుల రక్తంలో ఒక ప్రోటీన్ బాగా తగ్గినట్లు మేము కనుగొని, దాన్ని పెంచే మందు దొరికితే వ్యాధి నెమ్మదిస్తుందని ఆశపడి, పరిశోధనా పత్రం రాసి పత్రికకు పంపించాం. రోగుల సభలో ఆ సంగతి నేనే ప్రకటించాను. బస్సు డ్రైవర్‌గా పనిచేసిన ఒకాయన చేతికర్ర ఊతంగా మేడమ్‌గారి దగ్గరకు వచ్చి, "నా రక్తం కూడా అందులో ఉందా మేడమ్?" అని అడిగారు. అలవాటు కొద్దీ వీరు, "ఎన్నింటికిచ్చారు?" అన్నారు.

"పదకొండింటికండి. పన్నెండుకల్లా డిపోలో సంతకం పెట్టాలిగా."

మరునాడు ఆ ట్యూబు తీసి చూస్తే రెండు గంటల నలభై నిమిషాలని ఉంది. వెంటనే నాకు ఫోన్ చేశారు.

"ఇది తీసిన టైమా, ఫ్రీజర్లో పెట్టిన టైమా?"

"రెండూ ఒకటే కదండీ," అన్నాను.

"కాదండీ. మధ్యలో మూడు గంటల నలభై నిమిషాలున్నాయి."

ఫారంలో 'సమయం' అని ఒకటే గడి ఉండేది. మిగతావారు రక్తం తీసిన వేళ రాస్తే, మా ప్రయోగశాల ఫ్రీజర్లో పెట్టిన వేళ రాసింది. రోగుల రక్తం అధికభాగం మాది, ఆరోగ్యవంతులది వారిది. బల్ల మీద గంటల తరబడి ఉంటే ఆ ప్రోటీన్ దానంతటదే తరిగిపోతుంది. మేము వ్యాధి అనుకున్నది మా ఆలస్యం. మేడమ్‌గారు పట్టుబట్టి పత్రాన్ని వెనక్కి తెప్పించారు. నోటిదాకా వచ్చిన ముద్ద లాగేశారని నేను అలిగాను.

ఆరవ నెలలో వారే వచ్చి, "డ్రైవర్‌గారికి చెప్పాలి, పదండి," అన్నారు. ఆ ఇంట్లోకి నేను వారి వెనుక నక్కినట్లుగా వెళ్ళాను. అప్పటికి డ్రైవర్‌గారి మాట ముద్ద అయింది; వారి భార్య విని మాకు చెప్పాలి. మేడమ్‌గారు కుర్చీ దగ్గరగా లాక్కుని, ఆ ఫలితం తప్పని, మందు ఆశ ఇప్పటికి లేదని, ఏ డొంకతిరుగుడూ లేకుండా చెప్పారు. ఆయన చాలాసేపు తీసుకుని ఏదో అన్నారు. వారి భార్య కళ్ళు తుడుచుకుని నవ్వారు.

"మళ్ళీ తీసుకోండి, ఈసారి టైము నేను చెప్తా, రాసుకోండి, అంటున్నారండి."

ఆ పూట మేడమ్‌గారే రక్తం తీశారు. ఆయన చెప్పిన వేళను నా చేతనే రాయించారు. అప్పుడు నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే నా అలకా పోయింది. ఆ తరువాత పద్నాలుగు నెలలకు డ్రైవర్‌గారు మరణించారు.

నేడు ఆరు ప్రయోగశాలల ఫారాల్లోనూ రెండు గడులున్నాయి. కొత్త నమూనాల్లో పాత ప్రోటీన్ ఆనవాలు లేకుండా పోయింది గానీ, దానికంటే చిన్నదైన మరో జాడ నిలబడింది. దాని ఆధారంగా తయారైన మందును ఈ ఏడాదే రోగులకిచ్చి పరీక్షిస్తున్నాం. పనిచేస్తుందో లేదో ఎవరమూ చెప్పలేం. తెలియనిదాన్ని తెలిసినట్లు చెప్పకూడదని వారి వద్దనే నేర్చుకున్నాం.

మేడమ్‌గారూ, మీరు శ్రీవారితో, పిల్లలతో ఆయురారోగ్యాలతో ఉండాలి. మర్యాదకు అంటున్న మాట కాదిది, ఇందులో మా స్వార్థం ఉంది. మందు లేదని ఆ ఇంటికి వెళ్ళి చెప్పింది మీరు. వచ్చిందని డ్రైవర్‌గారి భార్యకు చెప్పవలసిందీ మీరే.