మూడు వేల మీటర్ల పుస్తకం

ఒంగోలులో చర్చికి ఎదురుగా పుల్లమ్మ టీ బంకు. చర్చికి యాభై ఏళ్లు నిండుతున్నాయని ఒక పుస్తకం వేయాలనుకుంటున్నారు. అది ఎవరి చేత రాయించాలో తేల్చాల్సిన సంఘపెద్ద జక్రయ్య అక్కడ టీ తాగుతుంటే, ప్రెస్సులో ప్రూఫులు దిద్దే సంజీవరావు ఆయన పక్కన చేరాడు. ఇరవై ఏళ్లుగా ఎవరెవరి తప్పులో దిద్దాడు గానీ తన పేరుతో ఒక్క పుస్తకమూ లేదు. ఈ పని అతనికి కావాలి. నోరు తెరిచి అడగడానికి మాత్రం నామోషీ.

"చర్చి పుస్తకం నాకో లెక్కా జక్రయ్యగారూ. ఆమధ్య కొత్తపట్నం అవతల సముద్రంలో చమురు కోసం బావి తవ్విందే ఒక కంపెనీ, వాళ్ల ఏడాది పుస్తకం రాసిందెవరనుకున్నారు? నేనే. ముందు నాలుగు పేజీలే అడిగారండి, బావి ఎంత లోతు, పనివాళ్లు ఎందరు, ఏ నెల ఏం చేశారు, అంతే. అది చూసి మేనేజరు నలభై చేయమన్నాడు, చేశాను."

"ఇంతకీ బావిలో ఏమన్నా పడిందా?" అన్నాడు రిక్షా బుల్లయ్య.

"అక్కడికే వస్తున్నా. వాళ్లు తవ్వింది రెండు వేల మీటర్లు, చుక్క లేదు. నేను రాసే ఊపులో మూడు వేలని రాశాను. అచ్చయిపోయింది, బొంబాయికి ఒక లారీ, ఢిల్లీకి ఒక లారీ వెళ్లిపోయాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మేనేజరు తల పట్టుకుని, 'అచ్చులో పడ్డాక అబద్ధం కాకూడదు, తవ్వండ్రా ఇంకో వెయ్యి' అన్నాడు. సరిగ్గా మూడు వేల దగ్గర భుస్సుమని గ్యాసు, భగ్గుమని మంట."

"పుస్తకం చూసుకుని తవ్వారా?" అంది పుల్లమ్మ టీ వడగడుతూ.

"పదిహేడో పేజీ తెరిచిపెట్టుకుని తవ్వారమ్మా. ఆ మంటకి దర్శి దాకా వెలుగు. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు, వారం పట్టేవి, ఒక్కపూటలో ఎండిపోయాయి. మరుసటేడు చమురు రాయమన్నారు, రాశాను, పడింది. పీపాలని రాస్తే పీపాలు, ఓడలని రాస్తే ఓడలు. చివరికి అరబ్బు సేట్లు ఇద్దరొచ్చి, 'మా బావులు ఎండిపోతున్నాయి, మాకూ ఓ పేజీ రాసివ్వండి' అని ఈ బల్ల మీదే కూర్చుని బతిమాలారు. రాసిచ్చాను, పాపం."

"నా బంకులోనా? నేను చూడలేదే."

"ఆ రోజు నువ్వు కిరసనాయిలు క్యూలో ఉన్నావులే."

బుల్లయ్యకి టీ పొలమారింది. సంజీవరావు అటు చూడలేదు. "మీరు ఊ అంటే చర్చి పుస్తకం రేపే మొదలెడతానండి," అన్నాడు, ఈసారి కొంచెం మెల్లగా.

జక్రయ్య గ్లాసు కింద పెట్టాడు.

"నీ రాత అంత గట్టిదయితే నాకు భయంగా ఉంది సంజీవరావూ. వాళ్ల దగ్గర మిషనుంది, నీ తప్పుకి ఇంకో వెయ్యి మీటర్లు తవ్వారు. మా పాస్టరుగారికి ఎనభై రెండేళ్లు, నిక్షేపంలా ఉన్నారు. నువ్వు రాసే ఊపులో 'ప్రభువునందు నిద్రించారు' అని, ఆయన పోయినట్టు అచ్చేయించావనుకో, ఆయన్నేం చెయ్యమంటావు?"

సంజీవరావు జేబులో ఎర్ర పెన్ను సర్దుకుని, "ప్రూఫులైనా నేను చూస్తానండి," అన్నాడు.

"ప్రూఫులు నువ్వే చూద్దువుగాని," అన్నాడు జక్రయ్య లేస్తూ. "రాసేది మన చర్చి బడి రెబ్కా టీచరు."