బాలకోటయ్య బుగ్గలు

నరసరావుపేట, 1986. ఎండ మాడ్చేస్తున్న మధ్యాహ్నం, బజారులో గిరాకీ లేని వేళ. మెడికల్ షాపు కౌంటరుకు అవతల చెన్నకేశవులు, ఇవతల అతని బావ, మిరపకాయల వ్యాపారి బాలకోటయ్య. బావాబామ్మర్దులు ఒకచోట చేరాక మాటలకు కొదవేముంటుంది!

“లేవు బావా.”

“నీ వెనకమాల ఆ బిళ్ళల డబ్బా కనపడతా ఉంటే లేవంటావేందిరా కేశవా?”

“అది ఖాళీ డబ్బా.”

“ఏదీ, ఊపు.”

“సరే, ఉన్నాయి. ఉన్నా ఇయ్యను. ఇంటికాడ అక్క రోజూ పొద్దున్నే చేతిలో పోసి ఇస్తా ఉంది గదా, మళ్ళీ ఇక్కడెందుకు?”

“ఆ ఎనిమిదీ చాలడంలా. ఈమధ్య అద్దంలో చూసుకుంటే బుగ్గల ఉబ్బు కొంచెం దిగినట్టుంది.”

“దిగితే మంచిదే గదా!”

“మంచిదేందిరా? ఎల్లుండి గురజాలలో మా తోటి వ్యాపారి పట్టాభిరామయ్య గృహప్రవేశం. వ్యాపారస్తులందరూ వస్తారు. ఇంకో నాలుగు బిళ్ళలు ఎక్కువ మింగితే ఆ పూటకి మళ్ళీ నిగనిగలాడతా.”

“అది స్టిరాయిడ్ బావా, మొహానికి పూసుకునే స్నో కాదు. మద్రాసు డాక్టరు ఏం చెప్పాడు? వారానికొకటి చొప్పున తగ్గించుకుంటా రమ్మన్నాడా, లేదా?”

“అన్నాడు.”

“ఉన్నపళంగా మానెయ్యొద్దన్నాడు. అట్టాగని ఎల్లకాలం మింగొద్దన్నాడు. ఎముకలు గుల్లబారతయ్యి, షుగరొస్తది, బీపీ వస్తది అని నీ ముందే చెప్పాడా, లేదా?”

“సగం ఇంగ్లీషులో చెప్పాడు.”

“ఆ సగం నేను తెలుగులో చెప్పా. అసలు నీ జబ్బేందో చెప్పు, విందాం.”

“నాకు పరీక్ష పెడతన్నావా?”

“పెడతన్నా.”

“క్రోన్స్. మన ఒంట్లో కాపలా కాసే పటాలం ఒకటి ఉంటదంట. దానికి పిచ్చెక్కి, దొంగల్ని వదిలేసి, మన ఇంటి గోడల్నే కొరుకుద్దంట. చానామందికి పేగుల్లో వస్తే, నా ఖర్మకొద్దీ అన్నం దిగే గొట్టంలో వచ్చింది. అది చానా అరుదంట.”

“పోద్దా?”

“పూర్తిగా పోదు. అణిగి ఉంటది. మళ్ళీ లేస్తే దాచిపెట్టకుండా చెప్పమన్నాడు.”

“ఒకరి నుంచి ఒకరికి అంటుద్దా?”

“అంటదు.”

“క్షయేమో?”

“కాదు. నోట్లోంచి గొట్టం దింపి చూసి, ముక్క తీసి పరీక్ష చేసి మరీ కాదన్నారు. నాకు తెలుసురా! నాకు చెప్పడం కాదు, పోయి బజారుకి చెప్పు.”

“బజారుతో మనకేం పని బావా?”

“నీకు లేదు, నాకుంది. రెండేళ్ళు ముద్ద దిగక, మంచినీళ్ళు తాగినా మంటెత్తి, వెదురుబద్దలాగా అయిపోతే ఊరేమనింది? బాలకోటయ్యకి క్షయ అనింది. టీకొట్టోడు నాకు వేరే గ్లాసు పెట్టాడు. నకరికల్లు రైతులు నా కొట్టు ముందు నుంచే బండ్లు తోలుకుపోయారు. మాచర్లలో పెళ్ళికి పోయి పంక్తిలో కూర్చుంటే, నా పక్కనాయన తన విస్తరి అవతలికి జరుపుకున్నాడు. ఊరికే జరుపుకున్నాడు. ఆ ఆకు గరగర ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.”

“ఎప్పుడూ చెప్పలేదేంది బావా?”

“ఏం చెప్పేది? బయటికొచ్చి కాసేపు ఏడిచా. మీ అక్కకి కూడా తెలవదు. ఈ బిళ్ళలు మొదలుపెట్టినాక బుగ్గలొచ్చినయ్. విస్తరి జరుపుకున్నాడే, ఆయనే బజాట్లో భుజం తట్టి, పెళ్ళికొడుకులాగా ఉన్నావయ్యా అన్నాడు. ఇవి కాస్తా పోయినయ్యనుకో, మళ్ళీ క్షయంటారు. ఎముకలు గుల్లబారితే బారనీ. లోపలి ఎముక ఎవడికి కనపడుద్దిరా? బుగ్గయితే ఊరందరికీ కనపడుద్ది.”

“అదిగో, అక్క వస్తా ఉంది.”

“అబ్బ! తలనొప్పి బిళ్ళకి వచ్చానని చెప్పు.”

“ఆ బిళ్ళలు నీకు పడవన్నాడు గదా డాక్టరు!”

“అయితే దగ్గు మందుకి వచ్చానను.”

“దగ్గా? కావాలని మళ్ళీ క్షయ తెచ్చుకుంటావేంది బావా!”

ఎండకు నెత్తిన కొంగు కప్పుకొని, బాలకోటయ్య భార్య కృష్ణకుమారి షాపు మెట్లెక్కింది.

“ఏందండీ, కొట్టొదిలేసి ఇక్కడున్నారు?”

“ఊరికేనే. వీణ్ణి చూసిపోదామని.”

“ఎన్ని బిళ్ళలడిగారురా కేశవా?”

“ఇంకో నాలుగు ఎక్కువ మింగుతాడంట అక్కా.”

“ఒరేయ్!”

“అక్క ముందు నేను అబద్ధమాడలేను బావా.”

“సరే, అడిగా. తప్పేంది?”

“తప్పొప్పుల సంగతి తర్వాత. పొద్దున ఏం తిన్నారు?”

“పెట్టిందానివి నీకు తెలవదా? ఇడ్లీలు.”

“అడ్డం పడినయ్యా?”

“లేదు.”

“ఇందాక అన్నం?”

“పప్పూ నెయ్యీ, కారం లేని సొరకాయ కూర. మిరపకాయల వ్యాపారి ఇంట్లో కారం లేని కూర! ఎవడన్నా వింటే నవ్వుతాడు.”

“నవ్వనీయండి. అడ్డం పడిందా?”

“లేదంటన్నా గదా. నిటారుగా కూర్చుని, మెత్తగా నమిలి, కొంచెం కొంచెంగా తిన్నా. తినంగానే నడుం కూడా వాల్చలా. డాక్టరు చెప్పినట్టే చేశా.”

“మంట?”

“నెల పైనించి లేదు.”

“మొన్న కొట్లో కాటా ఎక్కారంట?”

“ఎక్కా. బస్తాలు తూచే కాటా మీద కూర్చున్నా. పెరిగానే కుమారీ! బాగా పెరిగా! గుమాస్తా ఒకటే నవ్వు. అందుకే గదా చెప్పేది, ఇదంతా ఆ ఎనిమిది బిళ్ళల చలవ. వాటి జోలికి రాబాకు. ఒక్కటి తగ్గించినా గొంతు మొదటికొస్తది, బుగ్గలూ పోతయ్. నేను మళ్ళీ పంక్తిలో కూర్చోలేను.”

“అక్కా, ఇంక చెప్పెయ్యి. ఇది నేను మొయ్యలేను.”

“ఏందిరా చెప్పేది?”

“డాక్టరు గారు చెప్పినట్టే తగ్గించుకుంటా వచ్చానండీ, వారానికొకటి.”

“ఎవరికి?”

“మీకే.”

“నాకా? పొద్దున కూడా ఎనిమిది మింగానే!”

“మింగారు. అందులో ఏడు కాల్షియం. ఎముకలకి ఆయన రాసినవే. డాక్టరు గారికి చెప్పే చేశా.”

“ఒరేయ్ కేశవా, నువ్వూనా!”

“ఒకే తీరుగా ఉండే బిళ్ళలు ఏరలేక నా కళ్ళు పోయినయ్ బావా.”

“ఒక్కటే? నేను మింగేది ఒక్కటేనా? మరి... మరి ఈ బుగ్గలేందే?”

“బిళ్ళల ఉబ్బు దిగిపోయిందండీ. ఇప్పుడు ఉన్నది మీరు తిన్న అన్నం.”