ఆకు నలిపిన చేతులు

ఏమర్రా, గ్లాసు వాసన చూస్తూ కూర్చున్నారేం? తాగండి. కాఫీ ఆకుతో చేసిన టీ అది, గింజతో కాదు. మా పెద్దమ్మ సంగతి మీకెవరూ చెప్పలేదు కదూ? మీ అమ్మకి తీరికెక్కడిది పాపం. సరే, చల్లారకముందే తాగుతూ వినండి.

పెద్దమ్మ కాఫీ తోటలో గింజలు ఆరబెట్టే షెడ్డుకి మేస్త్రీ. చేతులు చూస్తే రోకళ్ళే. ఏటా కాయకోత అవగానే షెడ్డుకి తాళం, పదకొండుమంది ఆడవాళ్ళు పని లేక ఇంటికి. ఒక ఏడు ఆవిడ యజమాని ముందు నిలబడి, "కొమ్మలు కత్తిరించి ఆకంతా పారేస్తున్నాం కదండీ, దాంతో టీ చేస్తాం, షెడ్డు ముయ్యకండి" అంది. ఆయన పకపకా నవ్వి, "మేకలకి పోటీయా అమ్మా?" అన్నాడు. అన్నాడే గానీ టీ కొనే ఆయన్ని పిలిపించాడు. మంచోడే లెండి, ఆ మీసాలు చూస్తే భయం గానీ... ఏం చెప్తున్నాను? ఆఁ, టీ కొనే ఆయన వచ్చాడు.

పెద్దమ్మ ఆయన ముందు నాలుగు గ్లాసులు పెట్టింది. ఆవిరి పట్టి ఆరబెట్టిన ఆకు మొదటిది. కొనే ఆయన చప్పరించి, "ఉడికిన ఆకుకూర" అన్నాడు. పెనం మీద బాగా వేయించింది రెండోది. "అబ్బ, పొగ!" మూడోది వాడబెట్టి, నలిపి, తడిగుడ్డ కింద ఎర్రబడనిచ్చి ఆరబెట్టింది. "వగరు, నాలుక పట్టేసింది." నాలుగోదీ అచ్చం అలా చేసిందే. అది ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు. "ఎండుద్రాక్ష వాసన, చివర్లో తేనె. నెలన్నరలో ఇదే రుచితో ఒక బస్తా ఇవ్వండి, ఏటా కొంటాను. రుచి మారితే వద్దు."

ఇక చూస్కోండి! అదే ఆకు, అదే గుడ్డ, అదే మంట. ఇరవై రోజులు చేసినా వగరే. ఎన్ని గంటలు వాడబెట్టిందీ, ఎంత మంట పెట్టిందీ అన్నీ రాసుకున్న మనిషి, ఏ పళ్ళెం ఎవరు నలిపారో మాత్రం రాయలేదు. యజమాని విసుక్కుని, "ఏదో ఒకటి పంపెయ్యమ్మా, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. "నాకు తెలుస్తుందండీ" అంది.

మర్నాడు పదకొండుమందిని కూర్చోబెట్టి, తలో పళ్ళెం విడిగా నలిపించి, ఒక్కోటీ కాచుకుని తాగింది. ఆఖరిది ఒక ముసలావిడది, పిచ్చుక అనేవారు. వేళ్ళ కణుపులు వాచిపోయి పిడికిలి బిగిసేది కాదు. "బలం చాల్లేదే తల్లీ, ఆకు అంచులే నలిగాయి, తిట్టకు" అంటోంది. పెద్దమ్మ ఒక గుక్క తాగింది, అదే ఎండుద్రాక్ష, అదే తేనె. గ్లాసు కింద పెట్టి, ఆవిడ ముందు కూలబడింది. "పిన్నీ, నా చేతుల మీద నీ చేతులు పెట్టు. గట్టిగా నొక్కానా, గిల్లు."

పిచ్చుక గిల్లింది చూడండీ! సాయంత్రానికి పెద్దమ్మ చేతులు కమిలిపోయాయి. "ఇన్నాళ్ళూ నన్ను అదిలించావుగా మేస్త్రీ" అని ఇంకోటి గిల్లేది. ఆ బరువే తక్కినవాళ్ళకీ చేతులు పట్టుకుని నేర్పింది పెద్దమ్మ. గడువుకి మూడు రోజుల ముందే పదకొండుమందీ అదే బరువుతో నలిపి బస్తా నింపారు. కొనే ఆయన వచ్చాడు, తాగాడు, "బస్తా బండెక్కించండి" అన్నాడు. ఆ ఏడు షెడ్డుకి తాళం పడలేదు.

పిచ్చుక పోయింది, పెద్దమ్మా పోయింది. ఇలా రా, చెయ్యివ్వు. ఇదిగో, ఇంతే బరువు. ఏదీ, ఇప్పుడు నువ్వు నొక్కు. రేపు మీరు దేశం దాటి వెళ్ళాక, అక్కడ మీకూ పిల్లలు పుడితే ఇది చెప్పండర్రా. కథ మర్చిపోయినా పర్లేదు, చెయ్యి ఇలా పట్టుకుని చూపించండి. ఊఁ... ఇంకా గట్టిగానే నొక్కుతున్నావు. గిల్లనా?